ముచుకుందుని గుహ, యేసు సమాధి

వికారాబాద్ పట్టణానికి అనతిదూరంలో అనంతగిరి కొండలున్నాయి. అనంతపద్మనాభస్వామి వెలసిన క్షేత్రమది. మూసీనదికి జన్మస్థానం కూడా అదే. ఆ నదికి ముచుకుందా అనే ప్రాచీన నామం ఊరకే రాలేదు. దేవాసుర సంగ్రామంలో దేవతల పక్షాన యుగాలపాటు పోరాడి అలసిన ముచుకుంద చక్రవర్తి, మోక్షం తప్ప ఏదైనా కోరుకొమ్మన్న దేవతలను గాఢనిద్రను వరంగా అడిగి, ఈ కొండలలోని గుహలోనే శయనించాడని స్థలపురాణం. తనను తరుముకొస్తున్న కాలయవనుణ్ణి శ్రీకృష్ణుడు యుక్తిగా ఆ గుహలోకి రప్పించాడు. కృష్ణుడే పడుకున్నాడనుకొని ఆ యవనుడు నిద్రిస్తున్న రాజును కాలితో తన్నాడు. మేల్కొన్న రాజు చూపుకు భస్మమైపోయాడు. భాగవత దశమస్కంధం ఇక్కడ ఒక సూక్ష్మమైన వివరం చెబుతుంది. గుహ వెలుపలికి వచ్చిన ముచుకుందునికి మనుషులు, పశువులు, చెట్లు అన్నీ కురచగా కనిపించాయట. కలియుగం సమీపించిందని దానిని బట్టి గ్రహించి ఆయన ఉత్తరదిశగా తపస్సుకు వెళ్ళిపోయాడు. లేచినవాడు ఆ పాత శరీరంతోనే లేచాడు. అయితే లేచింది నిద్ర నుంచి. మరణం నుంచి కాదు.

కార్తీకమాసంలో అనంతగిరికి జాతర జరుగుతుంది. ఇంచుమించు ఆ రోజుల్లోనే, వికారాబాద్ నుంచి తాండూరుకు పోయే రైలుమార్గంలో ఉన్న ధారూరు దగ్గర మరొక జాతర సాగుతుంది. దాని పేరు కూడా జాతరే. మెథడిస్టు క్రైస్తవులు 1923 నుంచి ఏటా నవంబరులో జరుపుకుంటున్న సభలవి. చుట్టుపక్కల పల్లెల జనం మూటాముల్లె, వంటసామగ్రితో కుటుంబాలుగా వచ్చి గుడారాలు వేసుకొని రోజుల తరబడి ఉంటారు. విదేశీ మిషనరీల మతం ఈ నేలమీద నిలదొక్కుకోవడానికి సంస్కృతంలోని ‘యాత్ర’ నుంచి పుట్టిన మాటనే ఆశ్రయించింది. అక్కడ చేరే జనం మనసులో కూడా ఒక గుహ ఉంది. యెరూషలేము నగరం వెలుపల, రాతిలో తొలిచి, ద్వారానికి బండ మూసిన సమాధిగుహ. ఆ గుహ నుంచి లేచినవాడు నిద్ర నుంచి కాదు, మరణం నుంచే లేచాడని వారి విశ్వాసం.

ఈ రెండు గుహల మధ్య నివసించే సాధకునికి సహజంగా ఒక ప్రశ్న కలుగుతుంది. యేసును దైవమని క్రైస్తవులు అంటున్నప్పుడు ఆ మాటకు అర్థం మన అవతారమేనా? పునరుత్థానమంటే పునర్జన్మకు మరో పేరా? సర్వమత సమన్వయం పట్ల ఉన్న ఆదరంతో చాలామంది హైందవులు ఔనని సులభంగా తలూపుతారు. ఆ ఔదార్యం మంచిదే. కాని అది ఎదుటివారు చెప్పేది పూర్తిగా వినకముందే పలికిన సమాధానం.

ముందుగా మాటల సంగతి చూడాలి. తెలుగులోకి సువార్తలను తెచ్చినవారు పాశ్చాత్యులు ఒక్కరే కారు. విశాఖపట్నంలో డెస్ గ్రాంజెస్ అనే మిషనరీకి సహకరించిన ఆనందరాయర్ బ్రాహ్మణకులం నుంచి క్రైస్తవం స్వీకరించినవాడు. వారు అనువదించిన సువార్తలు 1812లో శ్రీరాంపురంలో అచ్చయ్యాయి. గ్రీకు పదాలకు సమానార్థకాలు వెదికే ప్రతి అనువాదకుడూ సంస్కృత భాండాగారాన్నే తెరవవలసి వచ్చింది. కాలక్రమంలో స్థిరపడిన ‘పునరుత్థానం’ చక్కని ఎంపిక. అందులో జన్మ లేదు, ఉత్థానం మాత్రమే ఉంది. మళ్ళీ పుట్టడం కాదు, మళ్ళీ నిలబడడం. గ్రీకులో ‘అనాస్తాసిస్’ అన్న మాటకు కూడా లేచి నిలుచోవడమనే అర్థం. ఈ ఒక్క మాటను జాగ్రత్తగా పట్టుకుంటే సగం అపోహలు తొలగిపోతాయి.

మన పురాణేతిహాసాలలో మరణించి తిరిగి బ్రతికినవారు తక్కువమంది కారు. సావిత్రి పాతివ్రత్యంతో సత్యవంతుడు లేచాడు. సాందీపని పుత్రుణ్ణి కృష్ణుడు యమలోకం నుంచి తెచ్చి ఇచ్చాడు. బ్రహ్మాస్త్రానికి దగ్ధమైన పరీక్షిత్తు ఉత్తర ఒడిలో ఊపిరి పోసుకున్నాడు. సువార్తలలో లాజరు కథ ఈ కోవకే చెందుతుంది. వీరందరూ తిరిగి వచ్చింది మర్త్యజీవితానికే. సత్యవంతుడు మళ్ళీ మరణించాడు, పరీక్షిత్తు తక్షకవిషానికి బలయ్యాడు, లాజరు కూడా ఏదో ఒకనాడు సమాధికి చేరే ఉంటాడు. దీనిని పునర్జీవనం అనాలి. యేసు విషయంలో క్రైస్తవులు చెప్పేది ఇది కాదు. ఆయన మృత్యువుకు ఈవలకు తిరిగి రాలేదు. ఆవలి వైపుకు దాటిపోయాడని, దేహంతో సహా దాటిపోయాడని వారి సిద్ధాంతం.

ఈ భావన ఆకస్మికంగా పుట్టింది కూడా కాదు. యేసుకు పూర్వం రెండు శతాబ్దాల నాటికే యూదులలో ఒక వేదన తీవ్రమైంది. ధర్మం కోసం చిత్రహింసలకు గురై మరణించినవారికి దేవుని న్యాయం ఎప్పుడు లభిస్తుంది? కర్మసిద్ధాంతం వారికి లేదు. అందుచేత యుగాంతంలో దేవుడు మృతులను లేపి తీర్పు తీరుస్తాడనే విశ్వాసం బలపడింది. దానియేలు గ్రంథంలో, మక్కబీయుల చరిత్రలో ఆ స్వరం వినిపిస్తుంది. పరిసయ్యులు దానిని అంగీకరించారు; దేవాలయ పూజారివర్గమైన సద్దూకయ్యులు నిరాకరించారు. కాబట్టి పొంతి పిలాతు పాలనలో, సుమారు క్రీ.శ. 30లో శిలువపై మరణించిన గలిలయ బోధకుణ్ణి దేవుడు లేపాడని శిష్యులు ప్రకటించినప్పుడు, ఆనాటి శ్రోతలకు అది కేవలం ఒక అద్భుతవార్త కాదు. యుగాంతంలో జరగవలసినది ఒక వ్యక్తి యందు ముందుగానే ఆరంభమైందన్న ఘోషణ.

చరిత్రకారునికి లభించే ఆధారం ఏమిటి? సువార్తలకన్నా ముందు, శిలువ మరణం తర్వాత సుమారు పాతికేళ్ళకు, పౌలు కొరింథు పట్టణవాసులకు ఒక లేఖ రాశాడు. తాను ఇతరుల నుంచి స్వీకరించిన సంప్రదాయమని చెబుతూ యేసు ఎవరెవరికి కనిపించాడో ఒక పట్టిక ఇచ్చాడు. కేఫా, పన్నెండుగురు శిష్యులు, ఐదు వందల మందికి పైగా సోదరులు, యాకోబు, చివరగా తాను. ఆ ఐదు వందల మందిలో చాలామంది ఇంకా జీవించే ఉన్నారని కూడా చేర్చాడు. శ్రీ వైష్ణవులు గురుపరంపరను పఠించే తీరు ఇందులో స్ఫురిస్తుంది. మార్కు సువార్త ప్రాచీన ప్రతులు మరో రకంగా ముగుస్తాయి. నాలుగో శతాబ్దికి చెందిన రెండు గొప్ప ప్రతులలో కథ ఖాళీ సమాధి దగ్గరే ఆగిపోతుంది. సుగంధ ద్రవ్యాలు పట్టుకొని వచ్చిన స్త్రీలు భయంతో పారిపోయి ఎవరితోనూ ఏమీ చెప్పలేదు. యేసు దర్శనమిచ్చిన వచనాలు తరువాతి ప్రతులలో చేరాయి. స్త్రీల సాక్ష్యానికి అంతగా విలువ ఇవ్వని ఆ సమాజంలో, కల్పించి రాయాలనుకున్నవారెవరూ మొదటి సాక్షులుగా స్త్రీలను నిలబెట్టరని పండితులు తరచు ఎత్తిచూపుతారు. అది బలమైన వాదమే. అయినా సమాధి ఎలా ఖాళీ అయిందన్నది చరిత్ర తేల్చగల విషయం కాదు. శిష్యులు చెదిరిపోయారని, కొద్దికాలానికే ప్రాణాలకు తెగించి ప్రకటన సాగించారని మాత్రం చరిత్ర చెప్పగలదు.

ఇక దైవత్వం. యేసు దేవుడా, దేవుని సృష్టిలో శ్రేష్ఠుడా అన్న వివాదం మూడు వందల ఏళ్ళ తర్వాత కూడా సద్దుమణగలేదు. అలెగ్జాండ్రియాకు చెందిన అరియస్ కుమారుడు సృష్టించబడినవాడే అన్నాడు. 325లో కాన్‌స్టాంటైన్ చక్రవర్తి పిలుపుపై నైసియాలో సమావేశమైన బిషప్పులు ఆ మతాన్ని తిరస్కరించి, తండ్రికీ కుమారునికీ తత్త్వం ఒక్కటే అని నిర్ణయించారు. 451లో కల్కెదోను సభ మరో అడుగు వేసింది. ఒక్క వ్యక్తి యందే సంపూర్ణ దైవస్వభావం, సంపూర్ణ మానవస్వభావం సంకరం లేకుండా, విభజన లేకుండా ఉన్నాయని ప్రకటించింది. బ్రహ్మసూత్ర భాష్యాల వాదప్రతివాదాలతో పరిచయమున్న పాఠకునికి ఈ సభల భాష కొత్తగా అనిపించదు. ఒక్క అక్షరం తేడాకోసం మఠాలు విడిపోవడం మనకూ తెలిసిన చరిత్రే.

కాని ఇక్కడే అవతారభావనతో అసలైన తేడా బయటపడుతుంది. గీతాభాష్య ఉపోద్ఘాతంలో శంకర భగవత్పాదులు భగవంతుడు దేహధారిగా కనిపించడాన్ని చెప్పేటప్పుడు ‘ఇవ’ అనే చిన్న మాటను వాడారు. దేహమున్నట్లు, పుట్టినట్లు, వాస్తవంగా కాదు. రామానుజులు దీనిని అంగీకరించరు. అవతారదేహం సత్యమే, అయితే అది ప్రకృతి వికారం కాదు, శుద్ధసత్త్వమయం, కర్మసంబంధం లేనిది. క్రైస్తవంలో ‘ఇవ’ పక్షానికి దగ్గరివారు ఆదిమకాలంలోనే బయలుదేరారు. యేసు బాధపడినట్లు కనిపించాడే గాని బాధపడలేదన్నారు. చర్చి వారిని మొదటి నుంచీ గట్టిగా నిరోధించింది. మేకు దిగిన చెయ్యి మన చెయ్యి లాంటిదే కావాలి, ఆకలి మన ఆకలే కావాలి అన్నది దాని పట్టుదల. లేచిన తర్వాత కూడా శిష్యుల ముందు ఆయన కాల్చిన చేప తిన్నాడని లూకా, గాయాలను తాకి చూడమని తోమాను పిలిచాడని యోహాను రాసింది అందుకే.

శ్రీకృష్ణ నిర్యాణంతో పోల్చి చూస్తే ఈ భేదం మరింత స్పష్టమవుతుంది. వ్యాధుడు జరుడు వేసిన బాణం పాదానికి తగిలింది. భాగవతం ఏకాదశస్కంధం ఆయన యోగధారణతో స్వధామానికి వేంచేశాడంటుంది. విష్ణుపురాణంలో అర్జునుడు రామకృష్ణుల దేహాలను వెదికి అంత్యసంస్కారం జరిపించాడు. ఈ రెండు కథనాల మధ్య భేదం ఏ భక్తుని విశ్వాసాన్నీ కదిలించలేదు. కృష్ణదేహం ఏమైందన్నదానిపై కృష్ణభక్తి ఆధారపడలేదు గనుక. క్రైస్తవం మాత్రం ఆ ఒక్కదాని మీదే నిలబడింది. క్రీస్తు లేవకపోతే తమ విశ్వాసమే వ్యర్థమని పౌలు నిస్సంకోచంగా రాశాడు. వేదాంతి తన సిద్ధాంతాన్ని ఒక ఐతిహాసిక ఘటనకు తాకట్టు పెట్టడు. క్రైస్తవుడు పెట్టాడు. అందులో ప్రమాదమూ ఉంది, సాహసమూ ఉంది.

ఈ ప్రమాదాన్ని గుర్తించిన భారతీయులు వేర్వేరు దారులు తొక్కారు. రాజా రామమోహన్ రాయ్ 1820లో యేసు ఉపదేశాలను సంకలనం చేస్తూ అద్భుతాలను, పునరుత్థానాన్ని విడిచిపెట్టాడు. శ్రీరాంపురం మిషనరీ జాషువా మార్ష్‌మన్ ఆగ్రహించాడు. వాదోపవాదాలు ఏళ్ళపాటు నడిచాయి. శ్రీరామకృష్ణులు 1874 ప్రాంతంలో మేరీమాత ఒడిలో ఉన్న బాలయేసు చిత్రాన్ని చూసి భావసమాధి పొందారు. ఆయనకు యేసు ఈశ్వరావతారమే. ఇతర అవతారాల సరసన ఒక అవతారం. గాంధీజీ యేసు చారిత్రక వ్యక్తి కాడని తేలినా కొండమీది ప్రసంగం తనకు సత్యంగానే మిగులుతుందన్నారు. మద్రాసుకు చెందిన చక్కరై యేసును అవతారమనే మాటతోనే వివరించి, ఇతర అవతారాల వలె అది ముగియలేదని, పునరుత్థానంతో నిత్యంగా కొనసాగుతున్నదని వాదించాడు. అప్పాసామి రామానుజ సిద్ధాంతంలోని అంతర్యామి భావనను ఆసరా చేసుకున్నాడు.

యేసు శిలువపై మరణించలేదని, కాశ్మీరానికి వచ్చి వృద్ధాప్యంలో పరమపదించాడని చెప్పే కథ హైందవ సత్సంగాలలో ఇప్పటికీ ఉత్సాహంగా తిరుగుతుంటుంది. 1894లో నొటోవిచ్ అనే రష్యన్ యాత్రికుడు లడఖ్ హిమిస్ మఠంలో యేసు భారతజీవితం గురించిన ప్రతిని చూశానన్నాడు. మరుసటి ఏడాదే అక్కడికి వెళ్ళిన డగ్లస్ అనే ఆచార్యునికి మఠాధిపతి అలాంటి గ్రంథమే లేదని చెప్పాడు. శ్రీనగర్ రోజాబల్ సమాధి కథ మరో మూలం నుంచి, మీర్జా గులాం అహ్మద్ రచనల నుంచి ప్రచారమైంది. యేసును మనవాణ్ణి చేసుకోవాలన్న తహతహ అర్థం చేసుకోదగినదే. కాని ఇతరుల విశ్వాసంలోని ప్రధానస్తంభాన్ని తీసివేసి, మిగిలినదాన్ని ఆదరించడం సమన్వయం అనిపించుకోదు.

ఇప్పుడు మళ్ళీ వికారాబాద్ సీమకు రావాలి. 1874లో నిజాం రైలుమార్గం వాడి నుంచి హైదరాబాదు చేరింది. తాండూరు, వికారాబాద్ దాని మీది ఊళ్ళే. అమెరికన్ మెథడిస్టుల బోధ ఈ పల్లెలకు వ్యాపించి, వికారాబాద్‌లో పాఠశాలగా, ఆసుపత్రిగా స్థిరపడింది. పొరుగున మెదక్‌లో పనిచేసినవారు ఆంగ్లేయ వెస్లియన్ మెథడిస్టులు. పాస్నెట్ కట్టించిన మహామందిరం 1924 క్రిస్మసు నాడు ప్రతిష్ఠ జరుపుకుంది. 1947లో మెదక్ వారు దక్షిణ ఇండియా సంఘంలో కలిశారు, వికారాబాద్ వారు కలవలేదు. ఈ రెండు చోట్లా బోధ విన్నవారిలో అధికాంశం మాల మాదిగలు. వెట్టిచాకిరీ చేసినవారు, ఊరిబావి నీళ్ళు నిషిద్ధమైనవారు, ఊరి వెలుపల వాడలలో ఉన్నవారు.

అన్నం కోసం మతం మారారని వారిని ఆక్షేపించడం పాత అలవాటు. కరువుకాలంలో అన్నం ఒక కారణం కావచ్చు; అన్నాన్ని బ్రహ్మమని తెలుసుకొమ్మన్న తైత్తిరీయం చదివినవారు ఆ మాటను తేలికగా అనకూడదు. కాని అన్నం ఒక్కటే కారణమైతే మిషనరీలు వెళ్ళిపోయిన తర్వాత ధారూరు జాతర నూరేళ్ళు దాటి సాగేది కాదు. వారు విన్న కథలో ఏముంది? రోమన్ సామ్రాజ్యంలో శిలువ ప్రధానంగా బానిసలకు, తిరుగుబాటుదారులకు వేసే శిక్ష. ఆ శిక్ష నగరద్వారానికి వెలుపల అమలయ్యేది. దైవస్వరూపుడైనవాడు దాసుని రూపం ధరించి, ఆ వెలుపలి స్థలంలో, అందరూ చూడగా అవమానకరంగా చనిపోయాడు. దేవుడు లేపింది ఆ దేహాన్నే. ఊరి వెలుపల ఉన్నవారికి ఈ వార్త ఊరి లోపల ఉన్నవారికి వినిపించినట్లు వినిపించదు.

అద్వైతం దగ్గర దీనికి సమాధానం లేకపోలేదు. కాశీ వీధిలో తొలగిపొమ్మన్న శంకరులను చండాలుడు అడిగిన ప్రశ్న ప్రసిద్ధమే. తొలగవలసింది అన్నమయమైన దేహం నుంచి అన్నమయమైన దేహమా, చైతన్యం నుంచి చైతన్యమా? దేహాలన్నీ ఒకే పంచభూతాలు, చైతన్యం ఒక్కటే. మరి ఎవరు ఎవరికి దూరం? ఆచార్యులు ఆయనకు నమస్కరించి మనీషాపంచకం చెప్పారని సంప్రదాయం. తత్త్వదృష్టిలో దీనికి మించిన సమాధానం ఏ మతంలోనూ కనిపించదు. చరిత్రదృష్టిలో మాత్రం అది బావిగట్టు దాకా రాలేదు. ఆత్మకు కులం లేదని ఒప్పుకున్నవారే దేహాన్ని తాకనివ్వలేదు. అవమానం జరిగింది దేహానికి. ఆత్మ నిర్లేపమని చెప్పడం ఆ దేహానికి ఊరట కాలేకపోయింది. దేహమే లేపబడుతుందన్న మాట అక్కడ పనిచేసింది. అస్పృశ్యతను అనుభవించిన గుఱ్ఱం జాషువ ‘క్రీస్తు చరిత్ర’ కావ్యం రాయడం, దానికి 1964లో సాహిత్య అకాడెమీ పురస్కారం రావడం ఈ నేపథ్యంలో చూడాలి. అందరూ ఈ దారినే నడవలేదన్నది కూడా నిజం. అదే హైదరాబాదు రాజ్యంలో భాగ్యరెడ్డివర్మ ఆదిహిందూ ఉద్యమంతో స్వాభిమానానికి మరో మార్గం వేశాడు. చర్చిలో చేరినంత మాత్రాన కులం పోలేదు; మాల మాదిగల మధ్య ఎడం తెలుగు సంఘాలలో నేటికీ ఒక పుండే.

అయినా వేదాంతి అభ్యంతరం మిగిలే ఉంది. దేహం అనాత్మ, జరామరణాలకు లోబడినది. అది తిరిగి రావాలని ఎందుకు కోరాలి? ఛాందోగ్యంలో దేహమే ఆత్మ అనుకొని తృప్తిపడి వెళ్ళినవాడు అసురరాజు విరోచనుడు కదా! కొరింథులోని గ్రీకులు కూడా ఇంచుమించు ఇదే అడిగారు. పౌలు ఇచ్చిన జవాబు విత్తనం. విత్తేది గింజను, మొలిచేది మొక్క. పోయేది ప్రాకృత దేహం, లేచేది ఆత్మసంబంధమైన దేహం. ఇదే ఉపమానం కఠోపనిషత్తులో నచికేతుని నోట వినిపిస్తుంది. మనిషి పైరువలె పండి రాలుతాడు, పైరువలె మళ్ళీ పుడతాడు. గింజ ఒక్కటే, రెండు చోట్ల రెండు అర్థాలు. నచికేతునికి అది ఆగని చక్రానికి గుర్తు; ఆ చక్రాన్ని దాటే విద్య కోసమే అతడు యముని గుమ్మంలో మూడు రాత్రులు ఉపవసించాడు. పౌలుకు అది ఒక్కసారే జరిగే రూపాంతరం. తాండూరు కందిచేలలో విత్తనం వేసే రైతుకు రెండూ తెలుసు. నిరుటి గింజ ఈ మొక్కలో ఎక్కడా కనిపించదు. అది లేకుండా మొక్కా లేదు.

తాండూరు కర్ణాటక సరిహద్దు ప్రాంతం. అక్కడి వీరశైవులు మృతదేహాన్ని దహించరు. ఇష్టలింగాన్ని చేతిలో ఉంచి, కూర్చున్న భంగిమలో సమాధి చేస్తారు. మరణించాడనకుండా లింగైక్యం చెందాడంటారు. దేహాన్ని లింగానికి నెలవుగా చూసిన బసవేశ్వరుని సంప్రదాయమది. దేహాన్ని గౌరవంగా భూమికి అప్పగించడం ఈ నేలకు మిషనరీలు నేర్పిన విద్య కాదు. అయితే లింగైక్యంలో యాత్ర ముగిసింది. క్రైస్తవ సమాధిలో ముగియలేదు.

ఈస్టరు ఆదివారం తెల్లవారకముందే తెలుగునాట క్రైస్తవ కుటుంబాలు శ్మశానానికి వెళతాయి. సమాధులు కడిగి, సున్నం వేసి, పూలు చల్లి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. సమాధుల పండుగ అని దానికి వాడుక. దారిన పోయే హిందువుకు అది పితృకార్యంలా కనిపిస్తుంది. కాని అక్కడ తిలోదకం లేదు, పిండం లేదు, ఆవలి లోకానికి సాగనంపే మంత్రం లేదు. పొద్దు పొడిచేదాకా వారు పాడుతూ, సుగంధ ద్రవ్యాలు పట్టుకొని సమాధికి వెళ్ళిన ఆ స్త్రీల కథను మళ్ళీ చదువుకుంటూ, తూర్పు వైపు చూస్తూ నిలబడి ఉంటారు.